గంట వక్రం: అచ్చు పట్టిక నుంచి స్ప్రెడ్‌షీట్ దాకా

ప్రసామాన్య వక్రాన్ని స్ప్రెడ్‌షీట్‌లో గీయడానికి రెండు నిలువు వరుసలు చాలు. మొదటి వరుసలో మైనస్ 3 నుంచి 3 దాకా 0.1 చొప్పున పెరిగే 61 అంకెలు ఉంటాయి. రెండో వరుసలో ఒక్కో అంకె దగ్గర వక్రం ఎత్తెంతో ఉంటుంది: సున్నా దగ్గర 0.3989, ఒకటి దగ్గర 0.2420, రెండు దగ్గర 0.0540, మూడు దగ్గర 0.0044. రెండు వరుసలనూ ఎంచుకుని చార్టు అడిగితే గంట బోర్లించినట్టుండే గీత తెరమీద పడుతుంది. పక్కపక్కన అంకెలు పేర్చే ఈ పొందికను స్ప్రెడ్‌షీట్ కొత్తగా కనిపెట్టలేదు. తొలి స్ప్రెడ్‌షీట్ కన్నా 180 ఏళ్ల ముందే, 1799లో అచ్చయిన ఒక పట్టికలో అది కనిపిస్తుంది. గంట వక్రం చాలాకాలం బొమ్మగా కాక పట్టికగానే బతికింది. ఆ పట్టికల్లోని అంకెలను ఎవరు, ఎలా లెక్కగట్టారన్నదే దాని చరిత్రలో ఎక్కువ భాగం.

జూదం లెక్క

ఇంటర్మీడియట్ గణితం చదివినవారికి డిమోయర్ పేరు సంకీర్ణ సంఖ్యల సిద్ధాంతం వల్ల తెలుసు. గంట వక్రపు సూత్రం కూడా మొదట ఆయన దగ్గరే కనిపిస్తుంది. అబ్రహాం డిమోయర్ 1667లో ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టాడు. మతపీడన తప్పించుకుని లండన్ చేరాడు. రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కినా విశ్వవిద్యాలయంలో కొలువు దొరకలేదు. పిల్లలకు పాఠాలు చెబుతూ, కాఫీ హోటల్లో కూర్చుని జూదరుల సందేహాలు తీరుస్తూ కాలం గడిపాడు.

ఆ సందేహాల్లో ఒకటి ద్విపద విస్తరణకు సంబంధించింది. బొమ్మాబొరుసుల్లా రెండు ఫలితాలకూ సమానావకాశం ఉన్న ప్రయోగాన్ని పదిసార్లు చేస్తే ఏ ఫలితం ఎన్నిసార్లు వస్తుందో కాగితం మీద తేల్చవచ్చు. వేలసార్లు చేస్తే గుణకాలు అంతుచిక్కనంత పెద్దవవుతాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కించకుండా దగ్గరి విలువ రాబట్టే మార్గాన్ని డిమోయర్ 1733 నవంబరు 12 తేదీతో వెలువడిన చిన్న లాటిన్ పత్రంలో చూపాడు. అందులో రావలసిన స్థిరరాశి రెండు పైల వర్గమూలమని గుర్తించినవాడు ఆయన మిత్రుడు జేమ్స్ స్టిర్లింగ్. స్ప్రెడ్‌షీట్‌లో సూత్రాన్ని చేత్తో రాసేవారు హారంలో ఇప్పటికీ దాన్నే పెడుతున్నారు.

ఆ పత్రం ఇంగ్లీషు రూపం డిమోయర్ పుస్తకం 1738 కూర్పులో చేరింది. 3600 ప్రయోగాల్లో ఒక ఫలితం 1770కి తగ్గకుండా, 1830కి మించకుండా వచ్చే అవకాశం 0.682688 అని ఆయన తేల్చాడు. సగటుకు ఇరువైపులా ఒక్కో ప్రామాణిక విచలనం మేర 68.27 శాతం ఉంటుందని నేటి విద్యార్థి వల్లించే అంకె ఇదే. ప్రామాణిక విచలనమన్న మాట మాత్రం అప్పటికింకా పుట్టలేదు.

గ్రహాలు, నక్షత్రకాంతి

తర్వాతి అధ్యాయం ఖగోళశాస్త్రానిది. ఒకే నక్షత్రం స్థానాన్ని పదిమంది కొలిస్తే పది అంకెలు వస్తాయి. చిన్న పొరపాట్లు ఎక్కువగానూ పెద్దవి అరుదుగానూ ఉంటాయని, రెండు పక్కలకూ సమానంగా పడతాయని గెలీలియో 1632 నాటి గ్రంథంలోనే గమనించాడు. ఆ పొరపాట్ల తీరుకు సరిపడే సూత్రమేదన్నది మాత్రం 18వ శతాబ్దమంతా తేలలేదు. లాప్లాస్ 1774లో ప్రతిపాదించిన వక్రానికి నడిమధ్యన గుండ్రటి తల ఉండదు, మొనదేలి ఉంటుంది.

1801 జనవరి 1న పలెర్మోలో పియాట్సి సెరెస్ అనే చిన్న ఖగోళ వస్తువును కనుగొన్నాడు. కొన్ని వారాల తర్వాత అది సూర్యకాంతిలో కలిసిపోయి కనిపించకుండా పోయింది. దొరికిన కొద్దిపాటి కొలతలతోనే యువ గణితవేత్త గౌస్ దాని కక్ష్యను లెక్కగట్టాడు. ఆ ఏడాది చివరి రోజున, ఆయన చెప్పిన చోటికి దగ్గర్లోనే అది మళ్లీ దొరికింది. ఇలాంటి లెక్కలకు ఆధారమైన పద్ధతిని గౌస్ 1809లో ప్రచురించాడు. కొలతల సగటే అన్నిటికన్నా నమ్మదగ్గ విలువ కావాలంటే పొరపాట్లు ఏ సూత్రాన్ని పాటించాలి అని వెనక నుంచి ప్రశ్న వేసుకుంటే వచ్చిన జవాబు గంట వక్రం. అంతకు ఏడాది ముందు అమెరికాలో రాబర్ట్ అడ్రెయిన్ వేరే దారిలో అదే సూత్రానికి చేరాడు. ఎన్నో చిన్నచిన్న కారణాలు కలిసిన మొత్తం ఈ వక్రం వైపే మొగ్గుతుందని 1810లో లాప్లాస్ చూపడంతో దానికి సైద్ధాంతికంగా గట్టి పునాది పడింది.

సూత్రం ఉన్నంత మాత్రాన పని జరగదు. వక్రం కింది వైశాల్యాన్ని మామూలు బీజగణిత సూత్రంతో రాబట్టడం వీలుకాదు. ఎవరో ఒకరు అంకెలు లెక్కించి పట్టిక వేయాలి. ఆ పని మొదట చేసిన క్రిస్టియన్ క్రాంప్‌కు సంభావ్యతతో నిమిత్తం లేదు. వాతావరణం గుండా వచ్చే నక్షత్రకాంతి ఎంత వంగుతుందో తేల్చడానికి ఆయనకు ఇదే సమాకలనం కావలసి వచ్చింది. 1799లో స్ట్రాస్‌బర్గ్‌లో అచ్చయిన పుస్తకంలో సున్నా నుంచి 3 దాకా 0.01 చొప్పున విలువలు వరుసగా పేర్చాడు. కాంతి కోసం వేసిన ఆ పట్టికను తర్వాత సంభావ్యతా శాస్త్రం వాడుకుంది.

సైనికుల ఛాతీ కొలతలు

కొలతల్లోని పొరపాట్ల నుంచి మనుషుల దాకా ఈ వక్రాన్ని తెచ్చినవాడు బెల్జియం ఖగోళవేత్త అడోల్ఫ్ కెటెలే. 1846లో ప్రచురించిన లేఖల్లో 5738 మంది స్కాట్లండ్ సైనికుల ఛాతీ కొలతలను పరిశీలించాడు. ఆ అంకెలు 1817లో ఎడింబరో వైద్య పత్రికలో వచ్చినవి. 33 అంగుళాల ఛాతీ ఉన్నవారు ముగ్గురు, 36 ఉన్నవారు 185 మంది, 39 ఉన్నవారు 1073, 40 ఉన్నవారు 1079, 44 ఉన్నవారు 92, 48 ఉన్నవాడు ఒక్కడు. మూల పట్టిక నుంచి అంకెలు ఎత్తి రాసుకుని కూడేటప్పుడు కెటెలే పొరపాట్లు చేశాడు. అయినా గణాంక పుస్తకాల్లో చిరకాలం తిరిగింది ఆయన పట్టికే.

ఒక్కడి ఛాతీనే వేలసార్లు తప్పుల తడకగా కొలిస్తే వచ్చే అంకెలకూ, వేలమంది ఛాతీలను ఒక్కోసారి కొలిస్తే వచ్చే అంకెలకూ తేడా కనిపించడం లేదని ఆయన వాదన. ప్రకృతి ఒక సగటు మనిషిని గురిపెడుతుందని, అసలు మనుషులు ఆ గురి తప్పిన కొలతల్లాంటివారని అనుకున్నాడు. ఈ ఊహను తర్వాతి తరాలు అంగీకరించకపోయినా ఆయన పోల్చిన పద్ధతి మిగిలింది. కెటెలే గౌస్ సూత్రాన్ని నేరుగా వాడలేదు. 999 సార్లు తీసిన ద్విపద ప్రయోగానికి పట్టిక వేసి, సైనికుల అంకెలను దాని పక్కన పెట్టాడు. ఒక వరుసలో కంటికి కనిపించిన లెక్క, పక్క వరుసలో సూత్రం చెప్పే లెక్క.

మేకుల బోర్డు, కొత్త పేరు

వక్రాన్ని కళ్లకు కట్టినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్. నిలువు పలక మీద వరుస తప్పించి మేకులు దిగ్గొట్టి, పైనుంచి సీసపు గుళ్లు వదిలేలా ఒక పరికరం చేయించి 1874లో లండన్ ఉపన్యాసంలో ప్రదర్శించాడు. ఒక్కో గుండు ప్రతి మేకు దగ్గరా ఎడమకో కుడికో తప్పుకుంటూ దిగుతుంది. అడుగున ఉన్న అరల్లో గుళ్ల కుప్ప గంట ఆకారంలో పేరుకుంటుంది. డిమోయర్ ద్విపద లెక్కనే ఆ మేకులు చేసి చూపాయి.

అప్పటిదాకా ఆ సూత్రాన్ని పొరపాట్ల నియమమనే పిలిచేవారు. 1870లలో అమెరికాలో చార్లెస్ పియర్స్, జర్మనీలో విల్‌హెల్మ్ లెక్సిస్, ఇంగ్లండులో గాల్టన్ ఎవరికి వారుగా నార్మల్ అన్న మాట వాడారు. దాన్ని స్థిరపరిచింది కార్ల్ పియర్సన్. ఈ పేరు వింటే మిగతా విభాజనాలన్నీ అసాధారణమైనవన్న అపోహ కలుగుతుందని 1920లో ఆయనే విచారించాడు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో సాంఖ్యక శాస్త్రం దీన్ని ప్రసామాన్య వక్రమంటే, విద్యా మనోవిజ్ఞానం సాధారణ సంభావ్యతా వక్రమంటుంది.

స్ప్రెడ్‌షీట్ చార్టుల్లో కనిపించే మరో రెండు మాటలు కూడా పియర్సన్‌వే. హిస్టోగ్రామ్ అన్నది 1891 ఉపన్యాసాల్లో వాడి 1895లో అచ్చులోకి తెచ్చాడు. ప్రామాణిక విచలనం 1893లో పుట్టి మరుసటి ఏడాది అచ్చయింది.

రెండు వరుసలు ముద్రలో

ఇప్పటి స్ప్రెడ్‌షీట్ ఫంక్షన్‌కు నేరుగా పూర్వరూపం అనదగ్గ పట్టిక 1903లో వచ్చింది. విద్యాశాఖలో ఉద్యోగం చేస్తూ గణితం మీద మక్కువతో పనిచేసిన విలియం షెపర్డ్ దాన్ని బయోమెట్రికా పత్రికలో ప్రచురించాడు. విచలనం 0.01 చొప్పున పెరుగుతూ పోతే, ప్రతి విలువకూ ఏడు దశాంశ స్థానాల దాకా రెండు అంకెలు ఇచ్చాడు. ఒకటి ఆ బిందువు దాకా వక్రం కింద ఉన్న వైశాల్యం, రెండోది ఆ బిందువు దగ్గర వక్రం ఎత్తు. పియర్సన్ 1914లో కూర్చిన పట్టికల సంపుటిలో ఇది చేరింది.

ఎక్సెల్‌లో నార్మ్.డిస్ట్ ఫంక్షన్ నాలుగు విలువలు అడుగుతుంది: బిందువు, సగటు, ప్రామాణిక విచలనం, చివర ట్రూ గాని ఫాల్స్ గాని. ట్రూ అంటే వైశాల్యం, ఫాల్స్ అంటే ఎత్తు. షెపర్డ్ పుటలో వేలు పెట్టి ఏ వరుస చదవాలో నిర్ణయించుకున్నట్టే ఇదీను. వక్రం గీయాలంటే ఫాల్స్ కావాలి. పొరపాటున ట్రూ అంటే గంటకు బదులు, సున్నా నుంచి ఒకటి దాకా మెల్లగా ఎక్కి పైన చదునయ్యే గీత వస్తుంది.

పట్టిక చేతిలో ఉన్నా గీత గీయడం శ్రమే. సగటు, ప్రామాణిక విచలనం ముందు రాబట్టాలి. ఒక్కో బిందువును ప్రామాణిక విచలనాల్లోకి మార్చాలి. పట్టికలో ఎత్తు చూసి, దాన్ని మొత్తం సంఖ్యతోనూ తరగతి వెడల్పుతోనూ గుణించి, ప్రామాణిక విచలనంతో భాగించాలి. వచ్చిన చుక్కలను గ్రాఫ్ కాగితం మీద పెట్టి వంపు స్కేలుతో కలపాలి. ఈ శ్రమను తప్పించడానికి అమెరికన్ ఇంజనీరు అలెన్ హేజన్ 1914లో జలాశయాల నిల్వ గురించి రాసిన పత్రంలో ప్రత్యేకమైన గళ్ల కాగితాన్ని ప్రవేశపెట్టాడు. దాని మీద శాతాల గళ్లు మధ్యలో ఇరుగ్గా, అంచుల్లో ఎడంగా ఉంటాయి. ప్రసామాన్యమైన అంకెలైతే వాటి సంచిత శాతాలు సరళరేఖ మీద పడతాయి. వక్రం గీయనక్కర్లేదు, స్కేలు ఆనించి చూస్తే చాలు.

పట్టికల కోసం మనుషులు పడ్డ శ్రమకు పరాకాష్ఠ 1938లో న్యూయార్క్‌లో మొదలైన గణిత పట్టికల ప్రాజెక్టు. ఆర్థిక మాంద్యంలో పని దొరకని వందలమందిని చేర్చుకుని, గెర్‌ట్రూడ్ బ్లాంచ్ ఆధ్వర్యంలో లెక్కలు చేయించారు. కొందరికి కూడికలే, కొందరికి తీసివేతలే. చదువు తక్కువైనవారు కూడా తప్పు చేయని విధంగా పని విడగొట్టారు. 1941, 1942లలో వెలువడిన ఆ ప్రాజెక్టు సంపుటాల్లో సంభావ్యతా వక్రం విలువలు 15 దశాంశ స్థానాల దాకా ఉన్నాయి.

కలకత్తా, విశాఖపట్నం

షెపర్డ్ పట్టిక వెలువడిన బయోమెట్రికా పత్రికే ఈ విద్యను భారతదేశానికి తెచ్చింది. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం చదివిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1915లో స్వదేశానికి వస్తూ ఆ పత్రిక సంపుటాలను కొని ఓడలో చదివాడు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చదివిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో ఆ కలకత్తా సంస్థలో చేరి ప్రపంచఖ్యాతి పొందాడు. 2023లో మరణించిన ఆయన పేరిట హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ ఉంది.

పట్టికల చరిత్రలో కూడా రాధాకృష్ణారావుకు చోటుంది. ఎస్.కె. మిత్ర, ఎ. మత్తాయిలతో కలిసి ఆయన కూర్చిన గణాంక సూత్రాలు, పట్టికల సంపుటి 1966లో కలకత్తాలో అచ్చయింది. అప్పటికి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ వచ్చి పదేళ్లు. అయినా తరగతి గదికీ పరీక్ష హాలుకూ పట్టికే దిక్కు. చేతి లెక్కల యంత్రం తిప్పడం, పట్టికలో చూడడం, గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టడం గణాంక విద్యార్థి ప్రయోగశాల పనిగా మరో రెండు దశాబ్దాలు సాగింది.

పట్టిక లేకుండా

పట్టిక మొత్తాన్ని జ్ఞాపకంలో దాచుకునే స్తోమత తొలి కంప్యూటర్లకు లేదు. కావలసినప్పుడు విలువను పుట్టించే పొట్టి సూత్రం అవసరమైంది. ర్యాండ్ సంస్థలో పనిచేసిన సెసిల్ హేస్టింగ్స్ అలాంటి ఉజ్జాయింపు సూత్రాలను 1955లో పుస్తకంగా తెచ్చాడు. అబ్రమోవిట్జ్, స్టెగన్ సంపాదకత్వంలో అమెరికా ప్రమాణాల సంస్థ 1964లో ప్రచురించిన ఉద్గ్రంథం వాటికి విస్తృత ప్రచారం ఇచ్చింది. ఐదు గుణకాలతో రాసిన ఒక సూత్రం వైశాల్యాన్ని కోటిలో ఒక వంతు కూడా తేడా లేకుండా ఇస్తుంది. షెపర్డ్ ముద్రించిన పుటలన్నీ ఐదు గుణకాల్లోకి కుదించుకుపోయాయి.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ యాపిల్ 2 కంప్యూటర్ కోసం విసికాల్క్ తెచ్చారు. 63 నిలువు వరుసలు, 254 అడ్డువరుసలు. ఒక గడిలో అంకె మారితే దాని మీద ఆధారపడినవన్నీ వాటంతట అవే మారిపోవడం దాని గొప్ప. ప్రసామాన్య విభాజనానికి విడిగా ఫంక్షన్ లేకపోయినా ఘాతం, వర్గమూలం, పై ఉన్నాయి కాబట్టి ఎత్తుల వరుస వేయవచ్చు. చార్టు గీసే సౌకర్యం లేదు. అంకెకు బదులు గడిలో అన్ని నక్షత్ర గుర్తులు చూపే ఒక ఏర్పాటు ఉండేది. ఎత్తులను తగినంత హెచ్చించి అలా చూపితే, పక్కకు ఒరిగిన గంట నక్షత్రాలతో కనిపిస్తుంది.

1983 జనవరిలో మిచ్ కాపోర్ సంస్థ విడుదల చేసిన లోటస్ 1-2-3 లెక్కనూ చార్టునూ ఒకేచోటికి చేర్చింది. అంకెల వరుసను ఒక్క ఆజ్ఞతో నింపడం, కొలతలను తరగతులుగా విడగొట్టి లెక్కించడం, రెండు వరుసలను అడ్డం, నిలువు అక్షాలుగా తీసుకుని గీయడం అందులో ఉన్నాయి. ఎక్సెల్ 1985లో మెకింతోష్‌కూ, 1987లో విండోస్‌కూ వచ్చింది. నార్మ్‌డిస్ట్ పేరుతో ఉన్న ఫంక్షన్‌కు 2010 కూర్పులో మధ్యన చుక్క పెట్టి కొత్త పేరిచ్చారు. పాత పేరూ పనిచేస్తూనే ఉంది.

యంత్రం ఇచ్చిన అంకె కాబట్టి తప్పుండదన్న నమ్మకం 1998లో కొంత సడలింది. జర్మన్ గణాంకవేత్త లియో క్నూసెల్ ఎక్సెల్ 97లోని విభాజన ఫంక్షన్లను పరీక్షించి, వక్రం తోకల చివర అతి చిన్న సంభావ్యతల దగ్గర అవి తప్పుతున్నాయని చూపాడు. 2003, 2010 కూర్పుల్లో గణన పద్ధతులను మెరుగుపరిచారు. గీతకు దీనితో ఇబ్బంది లేదు. మూడు ప్రామాణిక విచలనాల లోపల తేడా కంటికి ఆనదు.

కెటెలే పట్టిక నేటి గడుల్లో

కెటెలే అంకెలనే స్ప్రెడ్‌షీట్‌లో వేస్తే ఈ పని మెలకువలన్నీ బయటపడతాయి. మొదటి నిలువు వరుసలో 33 నుంచి 48 దాకా 16 కొలతలు. రెండో వరుసలో సైనికుల సంఖ్యలు: 3, 18, 81, 185, 420, 749, 1073, 1079, 934, 658, 370, 92, 50, 21, 4, 1. మొత్తం 5738.

సగటు కోసం మొదటి వరుసకు ఏవరేజ్ ఫంక్షన్ పెడితే 40.5 వస్తుంది. అది 33 నుంచి 48 దాకా ఉన్న అంకెల సగటే తప్ప సైనికులది కాదు. ప్రతి కొలతనూ అది ఉన్నవారి సంఖ్యతో గుణించి, కూడి, 5738తో భాగించాలి. అప్పుడు 39.83 అంగుళాలు వస్తుంది. ఇదే తీరున సగటు నుంచి తేడాల వర్గాలను సంఖ్యలతో గుణించి, కూడి, 5738తో భాగించి, వర్గమూలం తీస్తే ప్రామాణిక విచలనం 2.05.

మూడో వరుసలో నార్మ్.డిస్ట్ ఫంక్షన్‌కు కొలత, 39.83, 2.05, ఫాల్స్ ఇచ్చి, వచ్చిన ఎత్తును 5738తో గుణించాలి. తరగతి వెడల్పు ఒక అంగుళం కాబట్టి మరో గుణకం అక్కర్లేదు. అర అంగుళమైతే 0.5తో కూడా గుణించాలి. ఈ గుణకారం మరిచిపోతే వక్రం హిస్టోగ్రామ్ అడుగున నేలకు అతుక్కున్న గీతలా కనిపిస్తుంది. ఎత్తు అన్నది సంభావ్యత కాదు, వైశాల్యమే సంభావ్యత. ప్రామాణిక విచలనం చాలా చిన్నదైతే ఎత్తు ఒకటిని దాటవచ్చు, అందులో తప్పేమీ లేదు.

ఫంక్షన్ వాడకుండా సూత్రాన్ని చేత్తో రాసేవారికి ఎక్సెల్‌లో మరో చిక్కుంది. అంకెకు ముందున్న రుణ గుర్తును అది ఘాతం కన్నా ముందు లెక్కిస్తుంది. అందువల్ల మైనస్ 2 వర్గం మైనస్ 4 కాకుండా 4 అవుతుంది. వర్గం చేసే భాగాన్ని కుండలీకరణాల్లో పెట్టి దాని బయట రుణ గుర్తు పెట్టకపోతే గంట తిరగబడి, రెండు అంచులూ ఆకాశానికి లేచిన గిన్నె వస్తుంది.

చార్టు రకం కూడా చూసుకోవాలి. మామూలు లైన్ చార్టు మొదటి వరుసను అంకెలుగా కాక పేర్లుగా తీసుకుని సమాన దూరాల్లో పేరుస్తుంది. కొలతల మధ్య ఎడం సమానంగా ఉన్న ఇలాంటి పట్టికకు అది సరిపోతుంది. ఎడాలు హెచ్చుతగ్గులుగా ఉంటే స్కాటర్ చార్టే వాడాలి. సైనికుల సంఖ్యలను నిలువు దిమ్మెలుగా, మూడో వరుసను నున్నటి గీతగా పెడితే కెటెలే చూపదలచిన పోలిక తెరమీదికి వస్తుంది.

గీత దిమ్మెల మీదుగా చాలావరకు ఆనుకుని పోతుంది. 36 అంగుళాల దగ్గర సూత్రం 195 అంటే పట్టికలో 185 ఉన్నారు. 40 దగ్గర 1113కు 1079, 42 దగ్గర 638కి 658. 43 దగ్గర మాత్రం 338కి 370 మంది లేచి, పక్కనే 44 దగ్గర 141 ఉండవలసిన చోట 92కి పడిపోయారు. మిగతాచోట్ల ఇంత దగ్గరగా నడిచిన పట్టిక ఇక్కడ మెట్టు దిగినట్టు ఉంది. సగటు, ప్రామాణిక విచలనం ఇస్తే చాలు, ఫంక్షన్ ఏ అంకెలకైనా నున్నటి గంటనే గీస్తుంది. ఆ అంకెలు నిజంగా గంటను పోలి ఉన్నాయో లేదో తెలిసేది రెండో వరుసనూ మూడో వరుసనూ పక్కపక్కన చదివినప్పుడే.